చేతిలోని ఫోను, పరుల చేతి చదువు



మన నల్లగొండ, పాలమూరు ప్రాంతముల పల్లెలలో నేడు ఎడ్లు లేని ఇండ్లు పెక్కు గలవు గాని, ఫోను లేని ఇల్లు అరుదు. మెడలో త్రాటికి వ్రేలాడునదియు, అంగీ జేబులో నిమిడినదియు, చీరకొంగున ముడివడినదియు నగు ఆ చిన్న వస్తువు మన వ్యవసాయములో గొడ్డలి, పారలవలె ఒక పనిముట్టైనది. ఇది సంతోషింపదగిన మాటయే. కాని పనిముట్టును కొనుట వేరు, దానితో పని చేయ నేర్చుట వేరు. ఫోను మ్రోగినపుడు పచ్చ మీట నొత్తి మాటాడుటయు, మాట ముగిసిన పిమ్మట ఎర్ర మీట నొత్తుటయు తప్ప తక్కిన పనులన్నిటికి పక్కింటి పిల్లవానిని పిలుచు సభ్యులు మనలో ఎందరో గలరు. నంబరు ఎక్కింపవలెనన్న వాడే, మెసేజి చదువవలెనన్న వాడే, ఆగిపోయిన ఫోనును తెరువవలెనన్న వాడే.

ఇది చిన్న లోపమని కొందరు తలంచుచున్నారు. మేమట్లు తలంపజాలము. రైతు రాబడి, రైతు బాకీ, రైతు పంట అమ్మకము, బోరుబావి నీరు సయితము నేడు ఆ ఫోను గుండా నడచుచుండగా, దానిని వాడు విద్య పరుల చేతిలో నుండుట ప్రమాదకరము. ఈ విద్యను నేర్పు భారమును మన సహకార సంఘములు వహింపవలెనని మా అభిప్రాయము. దానికి గల కారణములను, నేర్వవలసిన పనులను క్రింద వివరించెదము.

నాటి నిషాని, నేటి మెసేజి

నిజాము పాలన కాలమున మన రైతులు పడిన ఇక్కట్లలో చదువు లేమి యొకటి. సర్కారు కాగితము ఉర్దూలో నుండెడిది. పట్వారీ చదివి చెప్పినదే హుకుము, షావుకారు వ్రాసికొన్నదే బాకీ. రైతు తన బొటనవ్రేలిని సిరాలో ముంచి నిషాని వేయువాడే గాని, దేనికి వేయుచున్నాడో ఎరుగడు. ఆ దుస్థితిని మాన్పదలచియే మన పెద్దలు గ్రంథాలయములను, పత్రికలను స్థాపించిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వెలసినది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను, 1926లో పాలమూరు సీమకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదునుండి గోలకొండ పత్రికను వెలువరించిరి. రైతు తన కాగితమును తానే చదువుకొనవలెననునది ఆ శ్రమయంతటి ఫలముగా వారు కోరిన విషయము.

నేడు కాగితము వచ్చు చోట మెసేజి వచ్చుచున్నది. 2018 మే నెలలో రైతుబంధు పథకము ప్రారంభమైనపుడు సొమ్ము చెక్కు రూపమున రైతు చేతికి వచ్చినది. పిమ్మట నేరుగా బ్యాంకు ఖాతాలో పడజొచ్చినది. చెక్కును కన్నులతో చూడవచ్చును. ఖాతాలో పడిన సొమ్మును గూర్చి ఫోనులోని మెసేజియే మొదట తెలుపును. 2025లో భారత పత్తి సంస్థవారు కపాస్ కిసాన్ అను యాపు ద్వారా ముందుగా తేదీ నిర్ణయించుకొని పత్తి తేవలెనని ఏర్పాటు చేసిరి. అట్టి యాపు మీటల ఫోనులో నడువదు. పెద్ద ఫోను గల మరియొకరిని రైతు ఆశ్రయింపక తప్పదు. ఇట్టి పనులలో వచ్చు ఓటీపీ మాత్రము రైతు పేర నమోదైన నంబరునకే వచ్చును. దానిని చదువ నేర్వనివాడు ఫోనునే మరియొకని చేతిలో నుంచును. పట్వారీ పోయెను, నిషాని పోయెను. కాని రైతు చేతి వస్తువును ఇతరులు చదువుట మాత్రము పోలేదు.

ఈ వస్తువు మన చేతికి వచ్చిన విధము

1973 ఏప్రిల్ 3వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరపు వీధిలో నిలిచి, మోటరోలా కంపెనీ ఇంజనీరగు మార్టిన్ కూపరు చేతిఫోనుతో మొదటి మాట మాటాడెను. ఆ ఫోను సుమారొక కిలో బరువు. అమ్మకమునకు తగిన ఫోనును ఆ కంపెనీవారు 1983లో సిద్ధపరచిరి. దాని వెల 3,995 డాలర్లు. పది గంటలు ఛార్జింగు పెట్టినచో అరగంట మాటాడవచ్చును. మన దేశమున 1995 జూలై 31వ తేదీన పశ్చిమ బంగాళ ముఖ్యమంత్రి జ్యోతిబసుగారు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంగారితో మాటాడుటతో ఈ సేవ ఆరంభమైనది. ఆ దినములలో నిమిషమునకు 16 రూపాయల వరకు పడెడిది. తనకు వచ్చిన ఫోను నెత్తినవాడును రుసుము చెల్లింపవలసి యుండెడిది.

పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ వెంట బొంబాయి, పూనాలకును, దూరదేశపు ఆనకట్టల పనులకును పోయి, ఇంటికొక్క మాట చెప్పుటకు ఎస్.టి.డి. బూతు ముందర వరుసలో నిలిచిన కాలమది. 2003లో వచ్చు కాలునకు రుసుము తొలగినది. పేదవాని చేతిలో ఫోను నిలుచుటకు ఆ మార్పే ముఖ్యకారణము. ఇంటనున్న తల్లికి ఖర్చు లేదు; కొడుకు పట్టణమునుండి చేసినచో చాలును.

ఆ 2003లోనే నోకియా కంపెనీవారు 1100 అను ఫోనును విడుదల చేసిరి. మీటల సందులలో దుమ్ము చొరకుండ ఒకే పొరతో కప్పియుండుట, చెమట చేతినుండి జారకుండ ప్రక్కలు గరుకుగా నుండుట, నెత్తిన చిన్న టార్చి యుండుట దాని గుణములు. ప్రపంచమున 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోను అది. పొలమున తిరుగువానికి ఏమి కావలెనో గ్రహించి చేసిన పనిముట్టు గనుకనే అంతటి ఆదరణ పొందినది. నేటి మీటల ఫోనులు చాలవరకు ఆ కుదురునుండి వచ్చినవే. కావున దిగువ చెప్పు పనులు కొలది మార్పులతో అన్నిటికిని వర్తించును.

నేర్వవలసిన అయిదు పనులు

మొదటిది, మీటలను గుర్తించుట. పచ్చ మీట పిలుచుటకును, వచ్చిన పిలుపు నెత్తుటకును. ఎర్ర మీట మాట ముగించుటకును. పెక్కు ఫోనులలో ఆ ఎర్ర మీటనే కొంతసేపు ఒత్తి పట్టినచో ఫోను ఆగును, మరల ఒత్తి పట్టినచో తెరచుకొనును. 5వ అంకె మీటపై చిన్న బొడిపె యుండును. చీకటిలో దానిని వ్రేలితో తడవి తెలిసికొన్నచో తక్కిన అంకెల చోట్లు కన్నులు లేకయే తెలియును. జేబులో మీటలు తమంత తామే ఒత్తుకొనకుండ తాళము వేయవలెను. చాల ఫోనులలో మెనూ మీటయు, పిమ్మట నక్షత్రపు మీటయు నొత్తినచో తాళము పడును. మరల అట్లే చేసినచో వీడును. ఫోను పాడైనదని దుకాణమునకు పరుగెత్తక ముందు, తాళము పడినదేమో చూడవలెను. వెనుక నున్న బ్యాటరీ ఉబ్బినచో దానిని వాడరాదు. బల్లపై పెట్టి త్రిప్పినపుడు బొంగరమువలె తిరిగినచో ఉబ్బినదని గుర్తు.

రెండవది, నంబరు నెక్కించుట. దీనినే మన జనము ఫీడు చేయుట యందురు. ఒక్కొక్క అంకె మీటపై మూడు నాలుగు ఆంగ్లాక్షరములుండును. రాము అను పేరు వ్రాయుటకు 7ను మూడుసార్లు, 2ను ఒకసారి, 6ను ఒకసారి, 8ని రెండుసార్లు ఒత్తవలెను. అక్షరము రాని వారికి వేరొక ఉపాయమున్నది. 2 నుండి 9 వరకు గల అంకెలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క నంబరును ముడివేయవచ్చును. 2ను ఒత్తి పట్టినచో ఇంటికి, 3ను ఒత్తి పట్టినచో కొడుకునకు, 4ను ఒత్తి పట్టినచో సంఘపు కార్యదర్శికి పిలుపు పోవునట్లు ఒకసారి ఏర్పరచికొన్నచో అక్షరముతో పని లేదు. నంబర్లను ఫోనులోనే గాక సిమ్ములో దాచుకొనుట మేలు. ఫోను చెడినను సిమ్ముతో నవి క్రొత్త ఫోనునకు వచ్చును. ముఖ్యమైన నాలుగు నంబర్లను ఒక కాగితముపై వ్రాసి పాసుపుస్తకములో నుంచుట అంతకంటె మేలు.

మూడవది, మెసేజి చదువుట, తుడుచుట. ఈ పని అన్నిటికంటె ముఖ్యము. ప్రపంచములో మొదటి మెసేజి 1992 డిసెంబరు 3వ తేదీన పోయినది. నాటినుండి నేటివరకు దాని కొలత మారలేదు. ఒక మెసేజిలో ఆంగ్లాక్షరములు 160 పట్టును. తెలుగు అయినచో 70 మాత్రమే పట్టును. అందుచే తెలుగు వార్త రెండు మూడు ముక్కలుగా వచ్చుట కలదు. మొదటి ముక్కను చూచి అంతియే అనుకొనరాదు. కొన్ని పాత ఫోనులలో తెలుగునకు బదులు వట్టి చదరపు డబ్బాలు కనబడును. కొనునపుడే తెలుగు మెసేజి నొకదానిని తెరపై చూపుమని దుకాణదారు నడుగవలెను.

మరియొక చిక్కు గలదు. చిన్న ఫోనులో మెసేజిల పెట్టె చిన్నది. కంపెనీలు పంపు ప్రకటనలతో అది నిండినచో క్రొత్త మెసేజి లోనికి రాదు. తెరపై కవరు గుర్తు మిణుకుమిణుకుమను చుండును. ఖాతాలో సొమ్ము పడలేదని బ్యాంకు చుట్టు తిరుగు వారిలో, పెట్టె నిండుటచే వార్త అందని వారును ఉండవచ్చును. వారమునకొకసారి పనికిరాని మెసేజిలను తుడిచివేయుట, గాదె నూడ్చుటవంటి పని.

పంపినవారి పేరును గుర్తించుట నేర్వవలెను. 2025 మే నెలనుండి కంపెనీలు, కార్యాలయములు పంపు మెసేజిలలో పేరు చివర ఒక గీతయు, ఒక ఆంగ్లాక్షరమును ఉండునట్లు ఏర్పాటైనది. పి యన్న ప్రకటన, ఎస్ యన్న సేవ, టి యన్న లావాదేవి, జి యన్న ప్రభుత్వము. బ్యాంకు పేర, సర్కారు పేర వచ్చిన వార్త మామూలు పది అంకెల నంబరునుండి వచ్చినచో దానిని నమ్మరాదు.

నాలుగవది, మాట నడుమ అంకె నొత్తుట. తెలుగు కొరకు ఫలాని అంకె నొత్తుడని యంత్రము పలుకగానే బెదరి ఫోను పెట్టివేయు వారు గలరు. ఇందు బెదరవలసినది లేదు. మాట సాగుచుండగా మీట నొత్తినచో రెండు స్వరములు కలసిన ధ్వని యొకటి అవతలికి పోవును. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క జంటస్వరము. ఆ స్వరమును విని అవతలి యంత్రము అంకెను గ్రహించును.

మన బోరుబావుల కడ నున్న సెల్లు స్టార్టర్లు పెక్కు ఈ సూత్రముపైననే నడచును. స్టార్టరు డబ్బాలో నొక సిమ్ముండును. దానికి ఫోను చేసి ఒక అంకె నొత్తిన మోటారు తిరుగును, మరియొకటి ఒత్తిన ఆగును. పూనాకు చెందిన సంతోష్ ఓస్త్వాల్‌గారు రూపొందించిన నానో గణేశ్ అను ఇట్టి యంత్రమునకు 2009లో నోకియా కంపెనీవారి బహుమానము లభించినది. కరెంటు రాత్రివేళ విడతలుగా వచ్చిన దినములలో పామునకో, తడిసిన తీగకో బలియగుదుమను భయముతోనే మన రైతులు చీకటిలో స్టార్టరు కడకు పోయెడివారు. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల కరెంటు వచ్చినను, దూరపు చెలకకు ఈ సాధనము అక్కరకు వచ్చుచునే యున్నది. అయితే ఒక్క హెచ్చరిక. మోటారు బాగుచేయునపుడు ఇంటికి ఫోను చేసి ఎవరును ఒత్తవద్దని చెప్పుట చాలదు. ఫ్యూజులు తీసి చేతిలో పట్టుకొన్న పిమ్మటనే తీగ ముట్టవలెను. ఫోను దూరమునుండి మోటారును త్రిప్పగలదు; బావి కడ మనుష్యుడున్నది దానికి తెలియదు.

ఐదవది, ఆపదలో పిలుచుట. 112 అన్ని ఆపదలకు. మీటల తాళము వేసియున్నను పెక్కు ఫోనులలో ఈ నంబరు పోవును. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున మొదలైనది. పశువుల రోగమునకు 1962. పైరు తెగుళ్ళను గూర్చి అడుగుటకు 2004 నుండి పనిచేయుచున్న కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800-180-1551; రుసుము లేదు, తెలుగులో బదులు చెప్పుదురు. మోసగాండ్రు ఖాతాలోని సొమ్ము కాజేసినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసిన అంత మేలు. సొమ్ము చేతులు మారిన కొలది రాబట్టుట కష్టమగును.

నంబరు ఎవరిది?

బ్యాంకులో, సంఘములో, ఆధారులో మీ పేరునకు ఎదుట వ్రాసియున్న నంబరు ఎవరిదో ఒకసారి విచారించుకొనుడు. చాలమంది వృద్ధుల, స్త్రీల ఖాతాలకు కొడుకు నంబరో, అల్లుని నంబరో, మధ్యవర్తి నంబరో ఉండుట అందరెరిగినదే. కొడుకు పట్టణమునకు పోయిన, నంబరు మార్చిన, తల్లి ఖాతా వార్తలు తల్లికి అందవు. భర్తను కోల్పోయి భూమిని తానే దున్నించుచున్న స్త్రీ తన ఓటీపీ కొరకు బావగారి ఇంటి ముందర నిలువవలసి వచ్చుట న్యాయమా?

నంబరును నిలుపుకొనుటయు నేర్వవలెను. తొంబది దినములు ఏ వాడుకయు లేని నంబరును కంపెనీవారు రద్దు చేయవచ్చును. కొంతకాలమునకు అది మరియొకనికి పోవును. మీ ఖాతా వార్తలును వానికే పోవును. రీఛార్జి బరువని కొందరు నంబరు వదలుకొనుచున్నారు. ఇంటర్నెట్టు అక్కరలేనివారు దానికి డబ్బు పెట్టనవసరము లేదు. ట్రాయి సంస్థవారు 2024 డిసెంబరులో చేసిన సవరణచే, మాటలకును మెసేజిలకును మాత్రమే పరిమితమైన రీఛార్జిని కంపెనీలు ఇయ్యవలసి యున్నది. దుకాణములో దాని పేరు చెప్పి అడుగవలెను. అడుగనివానికి పెద్దదానినే అంటగట్టుదురు.

ఇక ఓటీపీ మాట. అది ఇనుపపెట్టె తాళపుచెవి వంటిది. పెట్టె తెరచువాడు అడిగినను ఇయ్యరాదు. బ్యాంకు మేనేజరునని చెప్పినను, సర్కారు అధికారినని చెప్పినను ఫోనులో చెప్పరాదు. ఎదుట కూర్చుండి మీ పనియే చేయుచున్న మనిషికి చెప్పవలసి వచ్చినపుడును, మెసేజిలో అది దేనికొరకు వచ్చినదో తెలిసికొని చెప్పవలెను. తెలిసికొనుటకు చదువ నేర్వవలెను. కావుననే మూడవ పనిని ముఖ్యమంటిమి.

కొందరి ఆక్షేపణలు

ముసలితనమున మాకీ చదువేల, పిల్లలున్నారు గదా అని కొందరందురు. పిల్లలున్నచో సంతోషమే. కాని పిల్లలు బడికి పోదురు, పట్నము పోదురు, అత్తవారింటికి పోదురు. పైగా మనకీ విద్య క్రొత్తది కాదు. విత్తనపు గింజను కొరికి పచ్చిదో ఎండినదో చెప్పగలవాడు, మబ్బు రంగును చూచి వాన కురియునో తప్పునో ఊహింపగలవాడు, పండ్రెండు మీటల పని నేర్వలేడా?

మీటల ఫోనుల కాలము తీరినది, అందరును పెద్ద ఫోను కొనవలసినదే అని మరికొందరందురు. కొనగలవారు కొనవచ్చును. కాని ఒక దినము ఛార్జింగుతో పలు దినములు నిలుచునది, క్రిందపడినను పగులనిది, వెల తక్కువది యగు చిన్న ఫోనును చులకన చేయుట తగదు. రైతునకు సంబంధించిన ప్రతి పనిని యాపులోనికి నెట్టి, మీటల ఫోనుగల వానికి మార్గము చూపకుండుట ప్రభుత్వ సంస్థలకును తగదు. ఏ పథకమైనను మాట ద్వారా గాని, తెలుగు మెసేజి ద్వారా గాని సాగు మార్గమొకటి తప్పక ఉండవలెనని మేము కోరుచున్నాము. ఆంగ్లములో వచ్చు బ్యాంకు మెసేజి మన రైతునకు నాటి ఉర్దూ కాగితము వంటిదే.

సంఘములు చేయదగినది

సహకారమన అప్పు, ఎరువు మాత్రమే కాదు. తెలిసినవాడు తెలియనివానికి చెప్పుటయు సహకారమే. మేము కోరు పనులు ఖర్చులేనివి.

ఏరువాకకు ముందు, పనులు ముమ్మరము కాక మునుపు, ప్రతి సంఘ కార్యాలయమున నాలుగు ఆదివారములు ఫోను పాఠము పెట్టవలెను. మీటల బొమ్మను పెద్దదిగా వ్రాయించి గోడకు తగిలింపవలెను. సభ్యులు తమ తమ ఫోనులనే తెచ్చి, తమ వ్రేళ్ళతోనే ఒత్తి నేర్వవలెను. నేర్పువాడు ఫోనును తన చేతిలోనికి తీసికొనరాదు. ఈ నియమము చిన్నదైనను ముఖ్యము. వాడు తీసికొని చేసి చూపినచో పని అగును గాని విద్య రాదు. స్త్రీ సభ్యులకు వేరుగా, వారికి వీలైన వేళ, స్త్రీలచేతనే చెప్పింపవలెను. ఊరిలో చదువుకొన్న యువకులు, మహిళా సంఘముల లెక్కలు వ్రాయు సోదరీమణులు ఇందులకు చాలుదురు.

అప్పు కాగితము వ్రాయునపుడు కార్యదర్శి సభ్యుని నంబరును అడిగి వ్రాసికొనుటతో ఆగక, ఆ నంబరునకు అచటనే ఫోను చేసి, అది సభ్యుని చేతిలోనే మ్రోగినదో లేదో చూడవలెను. మరియొకచోట మ్రోగినచో దానిని సరిచేయించుట అప్పు మంజూరు చేయుటతో సమానమగు సేవ. సంఘము పంపు వార్తలన్నియు తెలుగులోనే, చిన్న మాటలలోనే ఉండవలెను.

రైతు సోదరులారా! ఒకప్పుడు మన తాతలు వేలిముద్రతో భూములు పోగొట్టుకొనిరి. నేడు మనము అదే వ్రేలితో మీట నొత్తుచున్నాము. ఏ మీట ఏమి చేయునో తెలిసి ఒత్తినచో ఆ వ్రేలు మనకు కాపు కాయును, తెలియక ఒత్తినచో అది నాటి నిషానియే యగును. వచ్చు ఆదివారము మీ ఫోనును పూర్తిగా ఛార్జింగు చేసికొని సంఘమునకు రండు. మెసేజిల పెట్టెను తెరచి, అందులోని మొదటి వార్తను మీరే చదువుడు.